ఆల్చిప్పల మీది గీతలు

కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువు తవ్వుతుంటే ఆల్చిప్పల పొర బయటపడిందని తెలిసినవాళ్లు చెబితే వెళ్లాను. అప్పుడు నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతున్నాను. ఇప్పుడు అక్కడికి సముద్రం కాస్త దూరమే గాని, వేల ఏళ్ల కిందట అలలు ఆ చేల దాకా వచ్చేవి. పొక్లెయిన్ తోడిపోసిన మట్టిలోంచి అరచేయంత చిప్పలు ఏరి, ఎరువుల సంచుల్లో నింపి ఇంటికి తెచ్చాను.

ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. టీచరుగా రిటైరయ్యాక ఆమెకు ఆదివారం చర్చి తప్ప వేరే వ్యాపకం లేదు. పెరట్లో పీట వేసుకుని, పాత టూత్‌బ్రష్షుతో చిప్పలు కడగడం మొదలుపెట్టింది. ఒకరోజు గట్టిగా పిలిచింది.

"ఇదేంటే, ఎవరో గోటితో గీకినట్టుంది?"

భూతద్దం పెట్టి చూశాను. నీటిబొట్టు ఆకారంలో, ఒకదానిలో ఒకటి ఒదిగిన సన్నటి గీతలు. ఏదో చిన్న ప్రాణి ఆ చిప్పకు అతుక్కుని, కొట్టుకుపోకుండా కింది పెంకును కొద్దికొద్దిగా కరిగించుకుంటూ బతికిన జాడలవి. దాని ఒళ్లు ఎప్పుడో పోయింది. అలాంటి గీతలు పుస్తకాల్లో బొమ్మలుగా చూడటమే గాని చేత్తో తడమలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, నాకంటూ పరిశోధన వ్యాసం రాయడానికి ఒకటి దొరికిందనిపించింది.

"ఎంత గట్టిగా పట్టుకుందో పాపం," అంది అమ్మ.

ఫొటోలు పంపితే, ఇలాంటి జాడల మీద పరిశోధన చేసే పెద్దాయన ఒకరు వెంటనే ఫోన్ చేశారు. "చిప్పలు పంపించమ్మా, చూద్దాం," అన్నారు. గీతలున్నవన్నీ వేరుచేసి, సంచుల్లో కట్టి కాలేజీ ల్యాబులో పెట్టాను.

వానలు మొదలయ్యాక అమ్మకు కామెర్లన్నారు. తర్వాత కాన్సరన్నారు. సెలవు పెట్టి ఆసుపత్రిలోనే ఉండిపోయాను.

"అవి పంపావా?" అని అడిగేది మంచం మీంచి.

"పంపుతాలేమ్మా. ముందు నువ్వు ఇంటికి రా."

రాలేదు.

సమాధి కార్యక్రమం, ప్రార్థనలు అన్నీ అయ్యాక కాలేజీకి వెళితే ల్యాబు నిండా కంప్యూటర్లున్నాయి. మా సబ్జెక్టులో చేరేవాళ్లు లేరని ఎత్తేశారు. సంచుల గురించి అడిగాను. ప్రిన్సిపాల్ గారు ఇబ్బందిగా కదిలారు.

"మేమే మీకు ముందు చెప్పాల్సింది మేడమ్. గేటు దగ్గర బురదగా ఉందని ఆ చిప్పలు అక్కడ పోయించాం."

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గేటు దగ్గర కూర్చుని తవ్వాను. బస్సు చక్రాల కింద అంతా పిండైపోయింది. పిల్లలు నా పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. మర్నాడు కొత్తపట్నం వెళ్లాను. చెరువు నిండా నీళ్లు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి.

"అడుగున ఉంటే ఉంటాయండీ. రొయ్య వేశాక నీళ్లు తోడమంటే ఎట్టా?" అన్నాడు రైతు. అతనన్నదీ నిజమే.

పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఫొటోలు సరిపోవా అని అడిగాను.

"ఫొటోలతో కుదరదమ్మా," అన్నారు.

ఇప్పుడు అదే కాలేజీలో పర్యావరణం చెబుతున్నాను. మార్కులు కలవని సబ్జెక్టు కాబట్టి ఎవరూ వినరు. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసి, లైటు వేయకుండా కాసేపు అలాగే కూర్చుంటాను.