ఫైలు లేదని చెప్పని ఐలయ్య

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డు ఒక్కటీ లేని రోజుల్లోనే కంప్యూటర్‌కు కాళ్లూ చేతులూ అయినవాడు ఐలయ్య. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. అయితేనేం, పంజాగుట్టలో వానల లెక్కలు కట్టే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు, లెక్కలు దాచిన టేపులు కంప్యూటర్‌కు అందించాడు. ఒక్క టేపు పోగొట్టలేదు, ఒకదానికి బదులు ఇంకొకటి ఎక్కించలేదు. రెండుసార్లు శాలువా కప్పించుకున్నాడు. ఈ సంగతులు అడిగినవాళ్లకు చెప్పేవాడు, అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్పేవాడు.

మొన్న ఆషాఢంలో ఆ ఆఫీసు నుంచి విజయేందర్ ఫోన్ చేశాడు. ఇప్పుడక్కడ పెద్దసారు ఆయనే.

"ఐలయ్యన్నా, మీ కాలం నాటి వానల ప్రోగ్రాం మొండికేసింది. శుక్రవారం మీటింగు దాకా నడవకుంటే తీసి పడేసుడే. రాసినోళ్లు లేరు, ఎరిగినోనివి నువ్వొక్కనివే. జర వచ్చిపో."

ఐలయ్య గురువారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

ఆ ప్రోగ్రాంతో కుస్తీ పడుతున్నది సంహిత. భీమవరం పిల్ల, మధురానగర్ హాస్టల్లో ఉంటుంది. ఒకప్పుడు టేపుల్లో ఉన్న వానల ఫైళ్లు ఇప్పుడు నాలుగు ఊళ్లలో ఉన్నాయి. ఆ ఊళ్ల కంప్యూటర్లన్నిటినీ కలిపి ముడేసి, గ్రిడ్ అని పేరు పెట్టారు. పాత ప్రోగ్రాంకు మాత్రం తానున్న పెట్టె తప్ప వేరే లోకం తెలియదు. తిరగరాద్దామంటే దాని సోర్స్ కోడ్, అంటే మొదట రాసిన రాత, ఎప్పుడో పోయింది. అందుకని సంహిత మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టింది. పాతది ఫైలు అడగ్గానే ఈ చిన్నది దూరాన్నుంచి తెచ్చి, ఇక్కడిదే అన్నట్టు చేతికిస్తుంది.

"అంతా బానే ఉందండి. పుణె ఫైలు దగ్గరే టక్కున ఆగిపోతోంది. అక్కణ్ణుంచి రావడం ఆలస్యమవుద్ది."

"ఆలస్యమైతే నీ చిన్నది ఏమని చెప్తది బిడ్డా?"

"ఫైలు లేదని చెప్తుందండి. అప్పటికి లేదు కదా మరి."

ఐలయ్య నవ్వాడు. "గదే తప్పు. నేను దానికి లేదని ఒక్కపారి సుత చెప్పలె."

"మరేం చెప్పేవారు?"

"ఏం చెప్పకపోయేటోన్ని. పద్నాలుగో టేపు కావాలని తెర మీద అడిగేది. నేను కింది రూముల వెతికి తెచ్చేదాక గట్లనే నిలబడేది. ఒకపారి బీరువా తాళం జేబులేసుకుని ఒకాయన ఎర్రగడ్డకు కూరగాయలకు పోయిండు. మూడు గంటలు నిలబడ్డది పాపం. టేపు ఎక్కియ్యంగనే ఏం కానట్టు లెక్క అందుకుంది. దానికి ఎదురుచూసుడు వచ్చు. లేదంటే ఏం చెయ్యాల్నో ఎవలు నేర్పలె."

"అన్నా, నువ్వు టేపులే మోసినవనుకున్న" అన్నాడు విజయేందర్.

"మోసినోనికే తెలుస్తది. నువ్వు పెన్ను తప్ప ఏం మోసినవ్?"

సంహిత అప్పటికప్పుడే ఆ చిన్న ప్రోగ్రాంను మార్చింది. ఇక అది లేదనదు. ఫైలు వచ్చేదాకా నోరు మెదపదు. మధ్యలో లైను తెగితే తానే మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది.

భోజనాల వేళకు నడిపించారు. మూడు ఊళ్ల ఫైళ్లు గడిచాయి. పుణె దగ్గర తెర కదలలేదు. నిమిషం, రెండు, నాలుగు. సంహిత చెయ్యి ఆపే మీట మీదికి పోయింది.

"ముట్టకు బిడ్డా. నిలబడ్డది, అంతే."

ఏడో నిమిషంలో తెర కదిలింది. నలభై ఏళ్ల వానలు వరసగా దిగసాగాయి. సంహిత కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. ఐలయ్య చివరి వరస దాకా చూశాడు.

"ఇగ దీన్ని ఎవ్వరు ముట్టరు" అన్నాడు విజయేందర్. "రేపు మీటింగుల నువ్వే చెప్పాలె అన్నా."

"చెప్తగని, మీటింగు ఎంతసేపు?"

"అర్ధగంట."

"సాలదు" అన్నాడు ఐలయ్య.