ముల్లు అణిగిన గాలం

మా ఊరి చెరువు నా చిన్నప్పుడు రెండేరెండుసార్లు నిండి మరవ మీదుగా పొర్లి పారింది. మొదటిసారి నేను చంటిపిల్లను, గుర్తులేదు. రెండోసారికి నాకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు సోలార్ పలకలు పరుచుకున్న నేలంతా అప్పట్లో చెనిక్కాయ చేలు, అంటే వేరుశనగ. ఆ ఏడు వానలకు చేలగట్లు తెగాయి, చెరువు నిండి వంకలోకి దూకింది. కరువు తప్ప ఎరగని మా పావగడ సీమలో అంత నీరు చూసి పెద్దవాళ్లే పిల్లలైపోయారు.

మా తాత వయసులో ఉన్నప్పుడు తుంగభద్ర ఒడ్డుకు కూలికి పోయి, పుట్టి అల్లడం, నడపడం నేర్చుకుని వచ్చాడట. ఆ విద్యతో మా ఊళ్లో ఎన్నడూ పని పడలేదు. ఆ ఏడు మాత్రం వెదురు దబ్బలతో పెద్ద గంపలాగా అల్లి, అడుగున తారు పూసిన గోనెపట్టా బిగించి చెరువులోకి దించాడు. అందులో తాతతో పాటు ఇంకొక్కరికే చోటు. ఆ ఒక్కరూ నేనేనని ఊరంతా చెప్పుకుని తిరిగాను. తొలిరోజు ఎక్కించుకున్నాడు కూడా. కానీ నేను కుదురుగా కూర్చునే పిల్లను కాను. చేప కనబడిందని లేచి నిలబడ్డాను. పుట్టి ఒరిగి ఇద్దరం నీళ్లలో పడ్డాం. మరునాటి నుంచి నా చోట్లో మా వదిన కూర్చుంది.

వదిన అంటే మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్ద. నిడుగల్లులో మేనత్త నెలరోజులు జ్వరంతో మంచంలో ఉండి అప్పుడప్పుడే లేచి కూర్చుంటోంది. పిల్లను చూసుకునే ఓపిక లేక మా ఇంటికి పంపారు. అక్కడి కొండ కింది బావిలో ఈత నేర్చిన పిల్ల, పుట్టిలో బొమ్మలాగా కదలకుండా కూర్చునేది.

కొర్రమీను వేటాడి తినే చేప. తుంగలో పొంచి ఉండి, కప్ప కదిలితే చాలు ఎగబడి మింగుతుంది. తాత చిన్న కప్పను గాలానికి గుచ్చి ఇస్తే, వదిన దాన్ని తుంగ పక్కన నీళ్ల మీద మెల్లగా ఆడించేది. నాలుగో రోజున మోచేతి పొడవు కొర్రమీనుతో ఒడ్డెక్కింది. వీధి వీధంతా చూడవచ్చింది. ఈ పిల్లది మంచి చేతివాసి అన్నారు. అన్నాలప్పుడు మా అవ్వ ఎప్పుడూ నాకు వేసే తలకాయ ముక్కను వదిన పళ్లెంలో వేసింది. నా పళ్లెంలోకి వచ్చింది తోక ముక్క. దాన్ని పళ్లెం అంచుకు నెట్టేశాను.

జ్వరంపడి లేచినవాళ్లకు కొర్రమీను పులుసు రక్తం పట్టిస్తుందని అవ్వ నమ్మకం. సంతరోజు మామ, అంటే వదిన నాయన, సైకిల్ మీద వస్తాడు, ఈలోగా ఇంకొకటి పట్టి, కుండనీళ్లలో ప్రాణంతో మేనత్తకు పంపాలని అనుకున్నారు. ఆ మాట నేనూ విన్నాను. విని కూడా చేశాను.

మధ్యాహ్నం అందరూ చేనికి పోయినప్పుడు చూరులో గుచ్చిన వదిన గాలం తీశాను. గాలం మొనకు లోపలివైపు చిన్న ముల్లు ఉంటుంది. చేప నోట్లో దిగాక జారిపోకుండా పట్టేది అదే. దాన్ని రోటి మీద పెట్టి రాయితో అణగ్గొట్టాను. పైకి చూస్తే ఏమీ తెలియదు. మళ్లీ చూరులో గుచ్చేశాను.

తరువాతి రెండు రోజుల్లో మూడు చేపలు ఎరను పట్టాయి, మూడూ జారిపోయాయి. వదిన ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, తన చేతివాసి పోయిందనీ, రేపు నన్ను తీసుకుపొమ్మనీ తాతకు చెప్పింది. నాకు ఎంత సంతోషమో! తాత గాలాన్ని ఎండలో తిప్పి చూశాడు, బొటనవేలితో తడిమాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. గాలాన్ని మళ్లీ చూరులో గుచ్చాడు.

సంతరోజు పొద్దున్నే నన్ను పుట్టిలో కూర్చోబెట్టుకున్నాడు. తుంగ దగ్గరికి పోయాక కప్పను గుచ్చి గాలం నా చేతికిచ్చాడు. అదే గాలం. నీలం దారం ముడి చూసి పోల్చుకున్నాను. వేరేది ఇవ్వమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. కప్పను అలాగే నీళ్ల మీదికి వదిలాను.

కాసేపటికే దారం చేతిలోంచి ఊడిపోయేంత గట్టిగా గుంజింది. ఒడ్డున నడుముల్లోతు నీళ్లలో నిలబడి వదిన అరుస్తోంది.

"లాగు మే! ఇడిసిపెట్టద్దు! మా యమ్మకు పెద్దది పట్టు మే!"

చేప ఎగిరి తల విదిల్చింది. దారం వదులైపోయింది. ఇంకోసారి పడింది, అదీ పోయింది. నేను గెలవాలని నాకంటే ఎక్కువ ఆరాటపడుతోంది వదిన. "పర్లేదు మే, ఇంగోటి వస్తాది" అని కేకేసింది. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. ఏడుస్తూ తాతకు అంతా చెప్పేశాను.

"తెలుసు పాపా," అన్నాడు తాత తెడ్డు ఆపి. "కుళ్లు ఎవురికైనా వస్తాది. నాకూ వస్తాది. వచ్చినప్పుడు నోటితో చెప్పు. చేతికి మాత్రం పని పెట్టొద్దు."

పుట్టిని ఒడ్డుకు తిప్పాడు. వదినకు నువ్వే చెప్పాలన్నాడు. చెప్పాను. వదిన గాలం మొనను వేలితో తడిమి చూసింది. "నాతో చెప్పింటే ఆ చోటు నీకే ఇచ్చింటి కదే," అని మాత్రం అని, ఇంటికి నడిచింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం మామ వచ్చాడు. అవ్వ ఆకులో చుట్టి ఇచ్చిన నాలుగు చిన్న జెల్ల చేపలు తీసుకున్నాడు. చేప కోసమని అవ్వ కబురు పెడితే ఆయన తెచ్చిన కుండను ఖాళీగానే సైకిలుకు కట్టుకుని పోతుంటే నేను తలుపు వెనకాల నిలబడి చూశాను. నన్ను ఎవరూ ఒక్క దెబ్బ కూడా వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

మరుసటి వారం తాత కొత్త గాలం కట్టి, మా ఇద్దరినీ పుట్టిలో కూర్చోబెట్టి, తాను నీళ్లలో నిలబడి పుట్టికి కట్టిన తాడు పట్టుకున్నాడు. నేను లేచి నిలబడకుండా వదిన నా పావడా అంచు పట్టుకుంది. ఆ రోజు పట్టిన కొర్రమీను నిడుగల్లుకు పోయింది. మేనత్త కోలుకుంది.

పెద్దయ్యాక వదిన బలసముద్రం కోడలైంది. సోలార్ పార్కు వచ్చినప్పుడు వాళ్ల భూములు అందులోకి పోయాయి. బండిబాటకు ఇవతల ఉన్నందుకు మావి మిగిలిపోయాయి. వాళ్లు ఆ డబ్బుతో మిద్దె కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. అరవై దాటినా నా కడుపులో అదే మంట. తొలివానకే ఆ మిద్దె కారితే బాగుండునని అనుకున్నాను. అనుకున్నందుకు నాకే భయమేసింది.

వెళ్లాను. వంటింట్లో పక్కకు పిలిచి, "వదినా, నీ మిద్దె చూస్తే నాకు కుళ్లుగా ఉండాది," అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. తరువాత నా చెయ్యి పట్టుకుని అంది. "నాకు నీ సేను చూస్తే అంతే మే. నువ్వింకా చెనిక్కాయ ఏసుకుంటాండావు. పొద్దున లేస్తే నాకు యాడికి పోవల్లో తెలీదు."

కుళ్లు నాకు ఇప్పటికీ వస్తుంది. కోడలి మీద వస్తుంది, పక్కింటివాళ్ల మీద వస్తుంది. వచ్చినప్పుడల్లా ఎంత సిగ్గేసినా సరే, పోయి వాళ్లకే చెప్పేస్తాను.