బాగా బతికిన మాంసం కోసం బందరు రోడ్డు మీద ఒక శనివారం

కోసుకు తినబోయేదాన్ని బతికినన్నాళ్ళూ బాగా చూసుకోవడం దయ అవుతుందా, లేక మన మనసుకు మనం చెప్పుకునే సర్దుబాటా? యూనివర్సిటీ హాస్టల్లో ఒక ఆదివారం కోడికూర ప్లేటు ముందు నాకీ ప్రశ్న మొదటిసారి వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని మోస్తూనే, ఏ ఆదివారమూ మానకుండా తింటూ వచ్చాను. మా అమ్మాయి హారిక మాత్రం మోయలేదు, మానేసింది. తను ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ బస్సు కిటికీ పక్కన, కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కోళ్ళతో ఒక మోపెడ్ సిగ్నల్ దగ్గర ఆగిందట. వాటిలో ఒకటి తనవైపే చూసిందట. ఆ రోజు నుంచి మాంసం ముట్టలేదు. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడింది. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపునొప్పి, ఆకుకూర పెడితే కంచం అంచుకు నెట్టేస్తుంది. అలవాటున్న పిల్లే కదా, మాంసం పెట్టండి అన్నారు డాక్టరు గారు. బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి తనే ఒక షరతు పెట్టింది: "బతికినన్నాళ్ళూ బాగా బతికినదాన్ని తీసుకురా అమ్మా, తింటాను. కానీ నువ్వు కళ్ళతో చూసి రావాలి." ఆదివారం మధ్యాహ్నానికి తెస్తానని మాటిచ్చాను. విజయవాడలో డబ్బు పెడితే దొరకనిదేముంటుందన్న ధీమా నాది.

ఆ ధీమా శుక్రవారం మధ్యాహ్నమే సడలడం మొదలైంది. బెంజ్ సర్కిల్ దగ్గర, మెనూ కార్డు మీద పచ్చికలో తిరిగే కోడి బొమ్మ వేసిన రెస్టారెంటుకు వెళ్ళి, ఈ కోడి ఎక్కడ పెరిగింది, ఎలా పెరిగింది అని అడిగాను. సర్వర్ లోపలికి వెళ్ళి వంటమాస్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ, రాత్రంతా పెరుగులో నానబెడతామనీ, ముక్క దూదిలా విడిపోతుందనీ హామీ ఇచ్చాడు. శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు అదే రోడ్డులో ఒక ఏసీ మాంసం దుకాణానికి వెళ్ళాను. ప్యాకెట్ మీద గడ్డిమైదానం, సూర్యోదయం. కిలో ఏడువందల ఎనభై, అంటే మా వీధి చివర దొరికే మామూలు కోడికి దాదాపు మూడింతలు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. మందులు వాడరు, హార్మోన్లు ఇవ్వరు, మనిషి చెయ్యి తగలదు, నాలుగు డిగ్రీలు దాటనివ్వరు. నేనడిగింది అది కాదమ్మా, ఈ కోడి ఎప్పుడైనా ఎండ చూసిందా అన్నాను. "అస్సలు ఎండ తగలనివ్వం మేడం, ఫ్రెష్‌నెస్ పోతుంది" అంది. నేను కోడి సంగతి అడుగుతుంటే అందరూ నా సంగతే చెబుతున్నారు. నా నాలుక, నా ఆరోగ్యం, నా శుభ్రత. ప్యాకెట్ వెనక ఉయ్యూరు దగ్గర ఫారం చిరునామా ఉంటే ఫోటో తీసుకుని బయటపడ్డాను.

అక్కడి నుంచి ఆటోలో వన్‌టౌన్ వెళ్ళాను. కరీం భాయ్ మా అత్తగారి కాలం నుంచి మాకు మాంసం కొట్టిచ్చే మనిషి, అరవై దాటాయి. నా ప్రశ్నను ప్రశ్నగా తీసుకుని జవాబిచ్చింది ఆయనొక్కడే. కోసేదాని కళ్ళ ముందు కత్తి నూరననీ, నీళ్ళు పట్టకుండా కొయ్యననీ, ఒకటి చూస్తుండగా ఇంకొకదాన్ని కొయ్యననీ చెప్పి, కాస్త విసుగ్గానే అన్నాడు: "చావు గురించి అడగండమ్మా, చెప్తాను. బతుకు గురించి నన్నడిగితే ఎట్లా? నా దగ్గర దిగేటప్పటికే సగం చచ్చుంటాయి." ప్రాణంతో తెచ్చుకుంటే సాయంత్రం ఏడులోపు తనే స్వయంగా కోసిస్తానన్నాడు.

పది గంటలకు కారు మాట్లాడుకున్నాను. ఉయ్యూరు ఫారంలో కాకపోతే పామర్రు దాకా వెతికి, వెయిటింగుతో తిరిగి రావడానికి రెండువేల మూడువందలు. బందరు వెళ్ళే బస్సులు చాలానే ఉంటాయి గానీ, బస్సులో ఏ ప్రాణిని ఒళ్ళో పెట్టుకుని రావాలో నాకు తెలియదు. డ్రైవరు ఏసుబాబుది ఉయ్యూరు పక్క ఊరే. నేనెందుకు వెళ్తున్నానో కంకిపాడు వచ్చేలోపు మొత్తం రాబట్టాడు. పెళ్ళిసంబంధానికి కూడా ఇన్ని ఎంక్వైరీలు చెయ్యరండీ అని నవ్వాడు. చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరవై నిమిషాలు ఇరుక్కుని, పదకొండున్నరకు ఫారం గేటు ముందు దిగాం. జబ్బులంటుకుంటాయని లోపలికి రానివ్వలేదు, అది సబబే. వల సందులోంచి చూడమన్నారు. ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్న కోళ్ళ మధ్య నేల కనపడలేదు. సూపర్‌వైజర్ మాత్రం షెడ్డులో పెట్టిన స్పీకరు గర్వంగా చూపించాడు. సాయంత్రాలు వీణ పెడతారట, బరువు బాగా వస్తుందట. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. నిజానికి ఆ సంగీతం వాటికి నిజంగానే హాయిగా ఉంటుందేమో, కాదనడానికి నేనెవర్ని అని కూడా ఒక క్షణం అనుమానమొచ్చింది. కారెక్కి తలుపు గట్టిగా వేశాను. అప్పుడు ఏసుబాబు, కోడే కావాలా, బాతైతే పాప తినదా అని అడిగాడు.

ఈ దారిలో ఎప్పుడైనా వెళ్ళేవారికి చెబుతున్నాను, కోతలయ్యాక పామర్రు చుట్టుపక్కల కాస్త కిందికి దిగి చూడండి. వరి కోసిన చేలల్లో చాలామంది మినుము చల్లుతారు, అందులోకి బాతుల్ని దిగనివ్వరు. మినుము వేయని మడులు వెతుక్కుంటూ బాతులవాళ్ళు మందల్ని ఊరి నుంచి ఊరికి నడిపిస్తుంటారు. పామర్రు దాటి రెండు కిలోమీటర్లలో ఒక పంటకాలువ పక్కన అలాంటి మంద కనిపించింది. ఆరేడు వందల బాతులు రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ, బురదలో మునిగి లేస్తూ, ఎవరో పిలిచినట్టు అన్నీ ఒక్కసారే తిరుగుతూ ఉన్నాయి. గట్టు మీద ఆ మందను మేపే దుర్గమ్మా, ఆమె భర్తా ఉన్నారు. గుడ్లు పెట్టడం తగ్గినవాటినే అమ్ముతామంది. ఇవి ఇలాగే తిరుగుతాయా, ఎప్పుడూ సుఖంగానే ఉంటాయా అని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"బాతు సుఖంగా ఉందా అని అడుగుతున్నారా? ముప్పై ఏళ్ళలో మా ఆయన నన్నే ఆ మాట అడగలేదమ్మా."

ఆయన వినపడనట్టు కర్ర భుజాన వేసుకుని అవతలి గట్టుకు వెళ్ళిపోయాడు. నేను ఒక బాతు చాలన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఒక్కదాన్ని మందలోంచి తీస్తే దారంతా అరిచి అరిచి చస్తుందనీ, రెండు తీసుకెళ్తే కిక్కురుమనవనీ చెప్పింది. జంట తొమ్మిదివందలు. ఇది ప్రేమా, వ్యాపారమా అని ఆలోచించాను. రెండూ ఒకటే కావచ్చు. కాళ్ళు కట్టొద్దంటే ఆమె విచిత్రంగా చూసి, వెదురు గంపలో పెట్టి పైన వల కట్టిచ్చింది.

రెండున్నరకు బయల్దేరాం. ఏసుబాబు సీటు మీద పాత దుప్పటి పరిచి, వీటికి ఏసీ కారు యోగం కూడా పట్టిందండీ అన్నాడు. దుర్గమ్మ అబద్ధం చెప్పలేదు. ఒకదాని వీపు మీద ఒకటి మెడ వాల్చి, పోరంకి ట్రాఫిక్కులో హారన్ల మధ్య కూడా ఊరుకునే ఉన్నాయి. ఆ రోజు మొత్తం మీద నాకు చిరాకు లేని సమయం అదే. బాగా బతికినదాన్ని చూశాను, బాగా కోసేవాణ్ణి ఎరుగుదును, మధ్యలో దారి నా చేతిలోనే ఉంది అనుకున్నాను.

ఐదింటికి కరీం భాయ్ గంపలోకి చూసి, "రెండెందుకమ్మా?" అన్నాడు. చెప్పాను. ఒకటి ఇంకొకదాని ముందు తెగకూడదన్నది ఆయన పద్ధతి, ఒకటి ఇంకొకదాని నుంచి విడిపోకూడదన్నది దుర్గమ్మ పద్ధతి. రెండూ దయే, రెండూ ఒక గంపలో పట్టవు. ఒకదాన్ని పెంచుకోండని ఏసుబాబు సలహా ఇచ్చాడు. మాది మూడో అంతస్తు ఫ్లాట్. పైగా ఒంటరిదైతే ఏమవుతుందో వినే వచ్చాను కదా. రెండూ కొయ్యండి అన్నాను. మొదటిదానికి నీళ్ళు పట్టి గోడ వెనక్కి తీసుకెళ్ళాడు. దాని చప్పుడేమీ వినపడలేదు. నా కాలి దగ్గర గంపలో ఉన్నది మాత్రం మొదలుపెట్టింది. కాసేపు పిలుస్తుంది, ఆగి వింటుంది, మళ్ళీ పిలుస్తుంది. గోడ వెనక నీళ్ళు కొట్టి కడుగుతున్న శబ్దం. త్వరగా కానివ్వండి భాయ్ అన్నాను.

"రక్తం మీదికి తీసుకెళ్ళకూడదమ్మా. నేల కడగాలి, కత్తి కడగాలి."

ఆయన ఏదీ తగ్గించకుండా కడిగాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ అది పిలుస్తూనే ఉంది.

ఆదివారం మిరియాలు ఎక్కువ వేసి వండాను. హారిక చెంచా పట్టుకుని అన్నీ అడిగింది. చేలో నత్తల సంగతి, ఏసీ కారు సంగతి చెప్పాను. దుర్గమ్మ మాటకు చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. కోసేటప్పుడు ఎలా ఉందని అడిగితే, కరీం భాయ్ నీళ్ళు పట్టాడు, కత్తి చూపించలేదు, ఒకటి చూస్తుండగా ఇంకొకదాన్ని కొయ్యలేదు అన్నాను. అన్నీ నిజాలే. నాలుగు ముక్కలు తిని, వచ్చే ఆదివారం కూడా తెస్తావా అంది. నేను ఒక్క ముక్కతో ఆపేశాను.

ఈ ప్రయాణం వృథా అని నేననను. మందుల్లేని మాంసమూ, మెత్తని మాంసమూ బెంజ్ సర్కిల్లో దొరుకుతాయి. అది ఎలా బతికిందో తెలిసిన మనిషి మాత్రం బందరు రోడ్డు దిగి వెళ్తేనే దొరుకుతుంది. ఎలా చస్తుందో తెలిసిన మనిషి ఇంకెక్కడో ఉంటాడు, ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు. మీరు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా: కొనకముందే కోసే మనిషితో మాట్లాడుకోండి. జంట తెస్తే రెండిటినీ ఒకేసారి, వేర్వేరు చోట్ల కోయగల ఇద్దరు మనుషులున్నారేమో ముందే కనుక్కోండి. అది ముందే తెలిసుంటే నాకు ఆ పది నిమిషాలు ఉండేవి కావు. హారిక షరతులో చావు మాట లేదు, బతుకు మాటే ఉంది. కాబట్టి నేను మాట తప్పలేదు. పిల్ల మొహంలోకి రంగు రావాలి, వచ్చే ఆదివారం దగ్గర పడుతోంది. తను నా బ్లాగు చదవదు, పేరాలు మరీ పొడుగంటుంది. ఎప్పటికైనా చదువుతుందని ఇక్కడ రాశానో, చదవదన్న ధైర్యంతో రాశానో తెలియదు. ఆ రెండో బాతు సంగతి తనకు చెప్పాలా వద్దా, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.