మామ వేసిన హెలిప్యాడ్

పొద్దున హెలికాప్టరు ఇంజను ఆపి హెల్మెట్ తీస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. "మామ పోయినాడమ్మా" అంది. మార్కాపురంలో రోడ్ల శాఖ వర్క్ ఇన్‌స్పెక్టరుగా తల నెరిసిన మా మేనమామ, జన్మలో ఒక్కసారి కూడా హెలికాప్టరు ఎక్కకుండానే వెళ్లిపోయాడు. నాకు దాన్ని దించడం నేర్పింది మాత్రం ఆయనే. ఈ మాట మా ట్రైనింగ్ స్కూలువాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ!

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మంత్రులు తరచూ వచ్చేవాళ్లు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక మైదానంలో హెలిప్యాడ్ వేయాలి. ఆ పని మామది. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను పైలట్ ట్రైనింగులో ఎయిర్‌పోర్టులు, హెలిప్యాడ్ల సబ్జెక్టులో మౌఖిక పరీక్ష తప్పి ఇంటికొచ్చాను. పుస్తకమంతా కంఠతా వచ్చు, అడిగేవాళ్ల ముందు నోరు పెగల్లేదు. ఇంకొక్క అవకాశం ఉంది. అదీ తప్పితే అర్ధవీడులో నాయనతో పాటు గొర్రెల వెంట తిరగడమే.

మామ నన్ను ఓదార్చలేదు. "ఏడ్చింది చాల్లే కోడలా, చెప్పులేసుకో. రేపు మంత్రి దిగుతాడు" అని బండెక్కించాడు.

మేం వెళ్లేసరికి కాంట్రాక్టరు, సున్నంతో గీసిన గుండ్రం చుట్టూ పలకరాయి ముక్కలు పరిపించి మురిసిపోతున్నాడు. పలకల గనులున్న మా వైపు గుంత పూడ్చాలన్నా, వాకిలి చదును చేయాలన్నా అవే కదా. మామ తల కొట్టుకున్నాడు.

"ఓరి నీ దుంపతెగ! రెక్క తిరిగితే ఇయ్యన్నీ కత్తుల్లెక్క లేస్తాయి. ఊడ్పించు!"

"ఎంత అందంగా ఉందన్నా..."

"మంత్రి వచ్చేది నీ అందం చూసేదానికా? ఊడ్పించు!"

టైము లేదని మామ పైఅధికారి ఇంజనీరు కసిరాడు. మామ తనే చీపురందుకున్నాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. కాసేపటికి సిగ్గుపడి అందరూ దిగారు. తర్వాత ట్యాంకరుతో నీళ్లు కొట్టించాడు. "బురద గాకూడదు, దుమ్ము లేయకూడదు. మీ అత్త కళ్లాపి చల్లినట్ల ఉండాల" అన్నాడు.

చివరగా గుండ్రం మధ్యలో గొంతుక్కూర్చుని నాలుగు దిక్కులా చూశాడు. నన్నూ కూర్చోబెట్టాడు.

"తీగ కంటికి ఆనదు కోడలా. స్తంభాలు చూడు. రెండు స్తంభాలుంటే నడుమ తీగ ఉన్నట్లే." లేచి, భుజం మీది తువ్వాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "గాలి యాడనుంచి?"

"పడమర నుంచి."

"మొహం ఎటు పెట్టి దిగుతావు?"

"పడమరకే."

"వచ్చె గదా! ఇంకేంది నీకు రానిది?"

రెండోసారి పరీక్షలో పెద్దాయన ఒకే ప్రశ్న వేశాడు. "మట్టి మైదానంలో దిగాలి. ఏమేం చూస్తావు?" కళ్లు మూసుకుని, మనసులోనే మళ్లీ మామ పక్కన గొంతుక్కూర్చున్నాను. ఎగిరే రాళ్లు, దుమ్ము, స్తంభాలు, గాలి, జనం నిలబడాల్సిన చోటు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"స్తంభాల సంగతి ఏ పుస్తకంలో చదివావు?"

"మా మామ చెప్పినాడు సార్!"

ఆయన నవ్వి పాస్ అని రాశాడు. ఆ సాయంత్రం మామ ఆఫీసంతా మైసూరుపాకు పంచుతూ "మేం పాసైనాం" అన్నాడట. అవును మరి, ఇద్దరం పాసయ్యాం.

కొన్నేళ్లకు కో-పైలట్‌గా మార్కాపురం వచ్చాను. కింద తడిసిన నేల, తెల్లటి గుండ్రం, తాడు అవతల జనం కనిపించారు. వాళ్లకు కాస్త ఎడంగా ఒక మనిషి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఆ చేతుల్లో తువ్వాలు తూర్పుకు ఎగురుతోంది.

"గాలి పడమర నుంచి సార్" అన్నాను.

"విండ్‌సాక్ కనిపించిందా?" అన్నాడు కెప్టెన్, గాలివాటు చూపే గుడ్డగొట్టం కోసం కిందికి వెతుకుతూ.

"లేదు సార్. మా మామ కనిపించాడు."

పడమరకు మొహం పెట్టి దిగాం. ఒక్క రాయి లేవలేదు. జనం మంత్రి కోసం తాడు మీద పడుతున్నారు. మామ మాత్రం కదల్లేదు. మా రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఆ తువ్వాలు దించలేదు.