మీ లా బీ అని అరవక ముందు

దెయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. రంగూన్‌లో మేముండే తామ్వే పేటలో, మా మెట్ల దగ్గర ఎవరో ఏడుస్తున్నారని పైవాటా వాళ్లు హడలిపోతే, టార్చి పట్టుకెళ్లి పిల్లికూనను తెచ్చి చూపించినదాన్ని. ఇప్పుడు రాస్తున్నది దెయ్యం కథ అనను. ఏమనాలో మాత్రం తెలీదు.

కిందటి తింజాన్ రోజులవి. తింజాన్ అంటే ఇక్కడి నీళ్ల పండుగ. తడిసిన మెట్ల మీద మా ఆయన దావీదు జారిపడ్డాడు. తల గట్టిగా కొట్టుకుంది. ఆసుపత్రిలో స్కాన్ తీస్తే లోపల ఒక తెల్ల చుక్క కనిపించింది. అది ఇప్పుడు కారిన రక్తమైతే తల తెరవాల్సిందే అన్నాడు డాక్టరు. చాలా ఏళ్ల కిందట పరంజా మీంచి పడ్డప్పుడు కూడా ఏదో చుక్క ఉందన్నారని నేను గుర్తుచేశాను.

"ఆ పాత స్కాన్ సాయంత్రంలోగా తెండి. ఇదే చుక్క అందులో ఉంటే ఆపరేషన్ అక్కర్లేదు" అన్నాడు.

మా ఆయన గుండె అసలే బలహీనం. మత్తిస్తే మళ్లీ లేస్తాడన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు.

మరిదిని ఆయన దగ్గర ఉంచి ఇంటికి పరుగెత్తాను. పాత ఫిల్ములు వానాకాలం చెమ్మకి అంటుకుపోయి ఎప్పుడో పాడయ్యాయి. స్కాన్ తీసిన సెంటరు పండక్కి మూసేశారు. ఇక ఉన్నదల్లా మా టైపింగ్ షాపు పాత కంప్యూటరులో ఆయన దాచిన కాపీ. ఆ కంప్యూటరేమో పండక్కి ముందే చచ్చింది. హార్డ్ డిస్కు ఊడదీసి వేరేదానికి తగిలిద్దామంటే అది పాతకాలపు వెడల్పు కేబులుది, ఇప్పటి లాప్‌టాప్‌లకు పట్టదు. అలాంటి సామాను అమ్మే లత పేటలో షాపులన్నిటికీ షట్టర్లు దించేశారు. సరే, నేనే బాగుచేస్తానని కూర్చున్నాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా షాపులో ఏదో ఒకటి కాలుతుంటే, రిపేరుకిచ్చి ఇచ్చి విసిగి ఆ పని నేనే నేర్చుకున్నాను.

ఆ రోజు పొద్దున్నుంచీ మా వీధికి కరెంటు లేదు. ఇంట్లో బ్యాటరీతో నడిచే చిన్న ఇన్వర్టరు ఉంది. దానికి ఒకే ప్లగ్గు. మానిటరును మోస్తుంది గాని, సీపీయూ తగిలిస్తే కీచుమని ఆగిపోతుంది. కరెంటు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలని పని మొదలెట్టాను.

పవర్ సప్లై డబ్బా విప్పితే ఒక కెపాసిటరు పొట్ట ఉబ్బి కనిపించింది. పాడైపోయిన ఇంకో డబ్బాలోంచి అలాంటిదే పీకి అతికించాను. వేళ్లు కాలాయి. కాలితే కాలనీ అనుకున్నాను. మా అత్త పక్కన కూర్చుని, లోలోపల ప్రార్థన చేసుకుంటూ, విసనకర్రతో నాకు విసురుతూనే ఉంది.

"ఒలే మార్తా, అవుతాదంటావా?"

"అవ్వకేటత్తా? అయ్యేదాకా లేవను."

వైరును గోడ ప్లగ్గులో పెట్టి, డబ్బా నుంచి వచ్చే ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ నా హెయిర్‌పిన్నుతో కలిపాను. డబ్బా బతికుందో లేదో అలాగే చూస్తాం. లోపలి ఫ్యాను గిర్రున తిరిగింది. తీగలకు మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపించింది. దేవా, ఎంత సంతోషమో! కరెంటు లేదన్న సంగతే మరిచిపోయాను. గబగబా డబ్బాను సీపీయూలో తగిలించి, మానిటరును ఎప్పటిలా ఇన్వర్టరుకు పెట్టి, స్విచ్చి నొక్కాను. తెర వెలిగింది. స్కాన్ ఫోల్డరు దొరికింది. పెన్‌డ్రైవులోకి కాపీ అవుతున్నంతసేపూ తెర మీంచి కళ్లు తిప్పలేదు. అయిపోగానే దాన్ని పీకి పిడికిట్లో పెట్టుకున్నాను.

అప్పుడు వినిపించింది ఎదురింటావిడ డో ఖిన్ కేక. "మీ లా బీ!"

కరెంటొచ్చింది అని. వెంటనే పిల్లా పెద్దా, వీధి వీధంతా అదే కేక. రంగూన్‌లో కరెంటు వచ్చినప్పుడల్లా ఇలా అరవడం మాకు అలవాటు. నా తల మీద సీలింగు ఫ్యాను అప్పుడు కదిలింది. అదే క్షణంలో కంప్యూటరు టప్పున ఆగిపోయింది.

ఫ్యాను వైపు చూశాను. అత్త చేతిలో విసనకర్ర వైపు చూశాను. అంటే ఇంతసేపూ కరెంటు లేనే లేదు. కానీ నిలబడి ఆలోచించే తీరికేది? పెన్‌డ్రైవును ప్లాస్టిక్ కవరులో చుట్టి జాకెట్టులో దోపుకుని, దారి పొడుగునా పండుగ జనం పోసే నీళ్లలో తడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తాను.

డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "పాతదే. తల తెరవక్కర్లేదు" అన్నాడు. నేను వరండాలో కూలబడి బావురుమన్నాను.

మా ఆయన ఇంటికొచ్చాక ఆ డబ్బా మళ్లీ విప్పాను. నల్లటి తొడుగు కింద ఫ్యూజు మాడిపోయి ఉంది. ఆ రోజు తొందరలో దాన్ని చూడనే లేదు. కరెంటొచ్చిన దెబ్బకి అప్పుడే మాడిందనుకుందాం. మరి అంతకు ముందు నడిచిందే, అది దేనితో? ఇన్వర్టరు ప్లగ్గులో మానిటరు ఉంది. డబ్బాలో నిలవుండే కరెంటు రెప్పపాటు కూడా రాదు. మా గోడకి మాత్రమే కరెంటు వచ్చిందా అంటే, సీలింగు ఫ్యానుదీ అదే లైను, దాని స్విచ్చి పొద్దున్నుంచీ వేసే ఉంది.

మొన్న అన్నం తింటూ మా ఆయన అటక మీద ఆ పవర్ సప్లై డబ్బాను చూశాడు.

"ఏటే, ఆ డొక్కు ఇంకా దాసినావేటి? పారేయ్."

"నీకేటి తెలుసు, నోరు మూసుకుని తిను" అన్నాను. కూరలో ఉప్పు చాల్లేదని గొణుక్కుంటూ తిన్నాడు. ఆ గొణుగుడు వింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన లేచాక అత్తనడిగాను. "ఆవేళ కంప్యూటరు నడుస్తుంటే కూడా నాకెందుకు విసిరినావత్తా?"

"కరెంటు నేదు గదే, ఉక్క. అందుకే ఇసిరినాను."

"కరెంటు లేకుండా అదెలాగ నడిచిందని నీకనిపించలేదా?"

అత్త నా వైపు వింతగా చూసింది. "నువ్వు బాగుసేసినావు గదే. నడుత్తాది మరి."

ఇంతకు మించిన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.