పలుపు విప్పకముందే అమ్ముడుపోయిన ఆవు

బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకు నేను ఒకటే చెబుతాను: ఒకసారి రాస్తే బ్రహ్మదేవుడు కూడా చెరపలేని రాత. ఆ రాతను జనం చేత సులువుగా రాయించడం నా ఉద్యోగం. కంపెనీ బెంగళూరులో, ఇల్లు తమిళనాడులో మారండహళ్ళి దగ్గర పల్లెలో; ఇంటినుంచే పని. పాడిపశువుల అమ్మకాలకు మేం చేసిన యాప్‌లో అమ్మేవాళ్ళు ఒకసారి, కొనేవాళ్ళు ఒకసారి నొక్కితే చాలు, ఆవు చేతులు మారిపోతుంది. ఆ సులువు చూసి నాకే ముచ్చటేసేది.

మా ఊళ్ళో దాన్ని మొదట వాడింది మా చిన్నమ్మ. మోకాళ్ళ నొప్పులతో గడ్డి కోయలేక ఆవును అమ్మేద్దామనుకుంది. పెరియంపట్టి నుంచి ఒక బేరగాడు వచ్చాడు. ధర కుదిరింది. ఇద్దరూ నా ముందే నొక్కారు.

మా వైపు ధర కుదిరితే అమ్మకం అయిపోయినట్టు కాదు. ఆవుకు కుడితి పెట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టి, మన పలుపు విప్పి మన దగ్గరే ఉంచుకుంటాం. కొన్నవాడు తన తాడు కట్టాకే ఆవు అతనిది. ఆలోగా ఎవరు మనసు మార్చుకున్నా తప్పు పట్టరు. చిన్నమ్మ బొట్టు పెట్టబోయి ఆగిపోయింది.

"ఇయ్యలేనప్పా. మనసు రాలే," అంది.

"దానికేముందిమ్మా, ఇంకా నీ పలుపుతోనే ఉండాది కదా," అని నవ్వి, అతను ఆమెతో పాటు ఫోన్‌లో మళ్ళీ ఒకసారి నొక్కి ఆవును తిరిగి ఆమె పేరుకు మార్చి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

అంతటితో తీరిపోయిందనుకున్నాను. కొన్నాళ్ళకు నొప్పులు ముదిరి, ఈసారి నిజంగానే అమ్మక తప్పలేదు. వచ్చిన ప్రతివాడూ ఫోన్‌లో ఆవు చరిత్ర చూసేవాడు. అందులో ఉన్నది ఇంతే: అమ్మారు, ఆ రోజే వెనక్కి వచ్చింది. అలా వెనక్కొచ్చిన ఆవంటే తన్నేదో, పాలివ్వకుండా సతాయించేదో అయివుంటుందని సంతలో అందరి నమ్మకం. చిన్నమ్మ ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. మాటను కాదు, రాతను నమ్మండి అనే కదా మేం యాప్ చేసింది!

"ఆ రాత తీసెయ్ పాపా. బంగారట్లాంటి ఆవు, దానికెందుకు చెడ్డపేరు?"

"తీయలేం చిన్నమ్మా. ఎవరి వల్లా కాదు."

"మీరు చేసిందే కదే?"

నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు, మా మీదే. సులువంటే తొందరగా అయిపోవడమే అనుకుని, ధరకూ పలుపుకూ నడుమ మనసు తేల్చుకోవడానికి మా పెద్దలు ఉంచిన కాస్త వ్యవధిని మేం మింగేశాం. పలుపు మారిందని ఇద్దరూ చెప్పేదాకా ఏదీ రాయకూడదని బెంగళూరు వాళ్ళతో పోట్లాడాను. ఆలస్యమైతే జనం విసుక్కుంటారన్నారు. చివరికి ఒప్పుకున్నారు. ఎవరూ విసుక్కోలేదు సరికదా, బాగుందన్నారు. ఇకమీదట అమ్మే ఆవులన్నిటికీ ఆ వ్యవధి ఉంది. చిన్నమ్మ ఆవుకు లేదు.

అది ఇంకా ఆమె కొట్టంలోనే ఉంది. పొద్దున లాప్‌టాప్ తెరవకముందే కొడవలి పట్టుకుని పోయి, దానికి గడ్డి నేనే కోసుకొస్తున్నాను.