రంగు ఆరని చక్రాలు

ఆ నాలుగు ఇనుప చక్రాలను చూస్తేనే క్రిస్టఫర్‌కి ఒళ్ళు మండేది. అయినా వాటిని వదిలేసే ధైర్యం లేదు.

పోయిన చలికాలం, ఎడిన్‌బర్గ్ శివారులో తాముండే ఫ్లాట్ల ముందున్న ఏటవాలు రోడ్డు మీద, భార్య షెరిన్ ఎంత బ్రేకు తొక్కినా కారు ఆగలేదు. జారుకుంటూ కిందికి పోయి, చెత్త డబ్బాలకు కొట్టుకుని నిలిచింది. వెనక సీట్లో రెండేళ్ళ ఆషెర్ ఉన్నాడు. వాడికేమీ కాలేదు, పైగా చప్పట్లు కొట్టి "అగెయిన్!" అన్నాడు. క్రిస్టఫర్‌కి మాత్రం ఆ తర్వాత చాన్నాళ్ళు సరిగా నిద్ర పట్టలేదు. షెరిన్ హాస్పిటల్లో నర్సు. మంచు పడినా డ్యూటీల రోటా మారదు. డ్యూటీకి వెళ్తూ పిల్లాణ్ణి నర్సరీలో దించేదీ ఆమే. మళ్ళీ మంచు పడేలోపు ఆ పాత కారుకు, జారకుండా పట్టు ఉండే మంచు టైర్లు వెయ్యాలని అప్పుడే తీర్మానించుకున్నాడు.

అదే మోడల్ కారు తుక్కుకు వేస్తున్న ఒకాయన దగ్గర ఇవి దొరికాయి. మంచు టైర్లు చక్రాలకు బిగించే ఉన్నాయి, బాగానే ఉన్నాయి. చక్రాలే నిలువెల్లా తుప్పు. క్రిస్టఫర్ నీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. తుప్పు కనిపిస్తే ఊరుకోలేడు. చెత్త డబ్బాల షెడ్డులో కూర్చుని, వైరు బ్రష్‌తో రుద్ది, గరుకు కాగితం పట్టి, నల్ల రంగు పూతలు పూశాడు. టైరుకు రంగు అంటకుండా చక్రం అంచు చుట్టూ అట్టముక్కలు దోపాడు.

"ఏవండీ, ఇవి అమ్మ పంపిన అ ఆల కార్డులు కాదూ?" అంది షెరిన్.

"సరిగ్గా సరిపోయాయి."

"పిల్లాడు అక్షరాలు నేర్చుకోడానికండీ అవి! మీ చక్రాలు నేర్చుకోడానికా?"

చక్రాలు ఇంట్లోకి తెస్తే వెచ్చగా ఆరేవి. కానీ రంగు ఆవిరి పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి పోతుందని అతను ఒప్పుకోలేదు. షెడ్డులోనే ఉంచాడు. ఒకరోజులో ఆరుతుందని డబ్బా మీద ఉంది కదా అని రెండు రోజులు ఆగి, ఆదివారం పొద్దున్నే కారుకు బిగించేశాడు. సోమవారం మంచు పడుతుందని ఫోన్లో హెచ్చరిక వచ్చింది మరి.

"ప్రార్థన చేయించకుండా నేను ఎక్కను," అంది షెరిన్.

"పాత కారుకి ప్రార్థనేంటి?"

"చక్రాలు కొత్తవేగా!"

చర్చి అయ్యాక సంఘ పెద్ద రత్నబాబు అంకుల్ వచ్చారు. చలిలో కోటు బిగించుకుని, కారు పక్కన మోకరించి, ముందు చక్రం మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "పరలోకమందున్న తండ్రీ, ఈ వాహనమునకు నీ దూతలను కావలి ఉంచుము. ఈ బిడ్డల రాకపోకలయందు..." అని మొదలుపెడితే వెంటనే ఆగే మనిషి కాదాయన. చివరికి ఆమెన్ అని చెయ్యి తీయబోతే అది రాలేదు. లాగితే చర్మం ఊడినట్టు చప్పుడైంది. అరచెయ్యంతా నలుపు.

"యక్!" అన్నాడు ఆషెర్ ఆనందంగా.

"ఏరా అబ్బాయ్, నా వేలిముద్రలు కూడా కావాలా నీకు?" అన్నారు అంకుల్ క్రిస్టఫర్‌తో.

షెరిన్ నవ్వాపుకుంటోంది. క్రిస్టఫర్‌కి నవ్వు రాలేదు. నిన్న షెడ్డులో చలికి నోట్లోంచి పొగ వస్తుండగా నిలబడ్డాడే, అక్కడ రంగు ఎలా గట్టిపడుతుంది? చలిలో ఏ రసాయన చర్యైనా నెమ్మదిస్తుందని బడిపిల్లలకూ తెలుసు. అంతకంటే ఘోరం, తుప్పు భయంతో అతను నట్లు కూర్చునే గుంటల్లోనూ, చక్రం కారుకు ఆనుకునే వెనక ముఖం మీదా మందంగా పూశాడు. మెత్తటి రంగు మీద నట్లు బిగించాడన్నమాట. కారు నడిచేకొద్దీ రంగు నలిగి పక్కలకు పోతుంది, నట్లు వదులవుతాయి. రేపు ఆ ఏటవాలులో, పిల్లాడు వెనక సీట్లో ఉండగా!

"విప్పాలి. అన్నీ విప్పాలి," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"ఇప్పుడా? బిర్యానీ చల్లారిపోతుందండీ."

"చల్లారనీ!"

అంకుల్ కాగితంతో చెయ్యి తుడుచుకుంటూ జాక్ దగ్గర కూర్చున్నారు. క్రిస్టఫర్ ఒక్కో చక్రం విప్పి, అంత ప్రేమగా పూసిన రంగును గుంటల్లోంచీ వెనక ముఖం మీంచీ గీకి పారేశాడు. మెరిసే ఇనుము బయటపడేదాకా రుద్ది, మళ్ళీ ఎక్కించి, బిగువు కొలిచే టార్క్ రెంచి టిక్కుమనేదాకా నట్లు బిగించాడు. చీకటి పడేసరికి చక్రాలు కొన్న రోజుకంటే అందవికారంగా తయారయ్యాయి. ముందు చక్రం మీద అంకుల్ అయిదు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

సోమవారం తెల్లారేసరికి రోడ్డంతా తెల్లగా ఉంది. కిటికీ దగ్గర నిలబడి క్రిస్టఫర్ చూస్తున్నాడు. కారు మెల్లగా దిగింది. చెత్త డబ్బాలకు కాస్త ఇవతల ఎర్ర దీపాలు వెలిగాయి. కారు ఆగింది. పక్కకు తీసి షెరిన్ ఫోన్ చేసింది. వెనక నుంచి ఆషెర్ ఏడుపు.

"ఏమైంది? వాడికేమైంది?" అని అరిచాడు.

"ఏమీ కాలేదండీ బాబూ. జారలేదని ఏడుస్తున్నాడు."